పాకెట్ వెడల్పు - రికార్డుల విలువ

శాసనం చదివేటప్పుడు దాన్ని ఎవరు వేయించారు, ఎక్కడ దొరికింది అని విచారిస్తాం. క్రీడల చరిత్రలో స్కోరు కూడా ఒక ఆధారమే. బిల్లియర్డ్స్‌లో పెద్ద స్కోరు ఏదైనా మీ కంటపడితే, ముందుగా ఆ బల్ల పాకెట్ల వెడల్పు ఎంతో అడగండి.

పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులోని సాధారణ బల్లలకు పాకెట్ వెడల్పు మూడున్నర అంగుళాలకు పైగా ఉండేది. బంతి వ్యాసం రెండు అంగుళాలకు కొంచెం ఎక్కువ. ఈ వెసులుబాటు ఆసరాగా పెరిగినదే 'స్పాట్ స్ట్రోక్'. పై కుషన్ దగ్గర ఎర్ర బంతిని ఉంచే చుక్కను స్పాట్ అంటారు. పాకెట్‌లో పడిన ఎర్ర బంతిని మళ్లీ అక్కడే పెడతారు. ఆటగాడు తన బంతిని ప్రతిసారీ అనువైన చోటికి రప్పించుకోగలిగితే, అదే దెబ్బ వందలసార్లు కొట్టవచ్చు. కొట్టినప్పుడల్లా మూడు పాయింట్లు. నేర్పు గొప్పదే కాని, గంటల తరబడి చూడటానికి చాలా ఓపిక కావాలి!

దీన్ని అదుపు చేయడానికి ఛాంపియన్‌షిప్ కోసం ప్రత్యేకమైన బల్లను రూపొందించారు. పాకెట్ వెడల్పును 3 అంగుళాలకు తగ్గించారు; స్పాట్‌ను కుషన్‌కు దగ్గరగా జరిపారు. 1870 ఫిబ్రవరి 11న లండన్‌లోని సెయింట్ జేమ్సెస్ హాలులో ఆ బల్ల మీద విలియం కుక్, జాన్ రాబర్ట్స్ సీనియర్‌ను 1200-1083 తేడాతో ఓడించాడు. కుక్ స్పాట్ స్ట్రోక్‌లో ఆరితేరినవాడు. అయినా ఇరుకు పాకెట్ల ముందు ఆ ఒక్క దెబ్బనే నమ్ముకోవడం కుదరదు.

అయితే క్లబ్బుల్లో, హాళ్లలో బల్లలు మారలేదు. వృత్తి ఆటగాళ్లు ప్రదర్శన ఆటలు ఆడింది, సాధన చేసింది ఎక్కువగా వెడల్పు పాకెట్ల మీదే. ఏడాదికి కొన్నిసార్లు వచ్చే పోటీ కోసం రోజువారీ అలవాటును ఎవరు మార్చుకుంటారు? 1890లో డబ్ల్యు.జె. పీల్ స్పాట్ స్ట్రోక్ బలంతో ఒకే బ్రేక్‌లో 3304 పాయింట్లు సాధించాడు. చివరకు ఆ దెబ్బకు కళ్లెం వేసింది పాకెట్ కాదు, నిబంధన. వరుసగా రెండుసార్లు స్పాట్ నుంచి కొడితే ఎర్ర బంతిని బల్ల మధ్యకు మార్చాలని 1898లో నిర్ణయించారు. 1870 నాటి స్కోరును, 1890 నాటి స్కోరును పక్కపక్కన పెట్టి పీల్ ఎన్నో రెట్లు మెరుగైన ఆటగాడని మీరు రాస్తే, నేను మార్కులు తగ్గిస్తాను.

స్నూకర్‌లోనూ ఇదే చిక్కు ఎదురైంది. మన జబల్‌పూర్‌లో 1875లో బ్రిటిష్ సైనికాధికారుల మధ్య పుట్టిందని చెప్పే ఆట ఇది. ప్రత్యర్థి తప్పిదాల వల్ల అదనపు అవకాశం దొరకనప్పుడు, ఒక బ్రేక్‌లో రాగల గరిష్ఠ స్కోరు 147. 1979 జనవరిలో ఇంగ్లండులోని స్లౌలో జాన్ స్పెన్సర్ ఆ స్కోరు చేశాడు. కాని ఆ బల్ల పాకెట్లు ప్రమాణం కన్నా పెద్దవి. అందుకే అధికారిక రికార్డుగా గుర్తించలేదు. అధికారిక టోర్నమెంటులో గుర్తింపు పొందిన తొలి 147ను 1982 జనవరి 11న ఓల్డ్‌హామ్‌లో స్టీవ్ డేవిస్ సాధించాడు. ఆ ఫ్రేములో కుర్చీలో కూర్చొని చూస్తున్న ప్రత్యర్థి జాన్ స్పెన్సరే.