యూదు ఆహారధర్మం, పురాణజంతువులు: బెనె ఎఫ్రయీము నేపథ్యంలో పరిశీలన

ఉపోద్ఘాతం:

గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో ‘బెనె ఎఫ్రయీము’ అనే సమాజం ఉంది. క్రైస్తవం స్వీకరించిన కొన్ని మాదిగ కుటుంబాలు 1980వ దశకం చివర షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి సోదరుల నాయకత్వంలో తాము ఇశ్రాయేలులోని ఎఫ్రయీము గోత్ర సంతతి అని ప్రకటించాయి. ఈ సమాజంపై యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రచించిన పరిశోధన గ్రంథం 2013లో వెలువడింది. గొడ్డుమాంసం తినే ఆచారాన్ని ఈ సమాజం యూదు వారసత్వానికి గుర్తుగా చెప్పుకొంటుంది. కులవ్యవస్థ నిందించిన ఆహారం యూదు ధర్మశాస్త్రంలో ఏ స్థానం పొందుతుంది? పురాణజంతువులపై రబ్బీలు జరిపిన చర్చ ఈ ప్రశ్నకు దారి చూపుతుంది.

పేరు - లక్షణం:

లేవీయకాండం 11వ అధ్యాయం ప్రకారం డెక్కలు చీలి నెమరువేసే జంతువు, రెక్కలూ పొలుసులూ ఉన్న జలచరం తినదగినవి. తాల్మూదులోని ‘హుల్లీన్’ భాగం యోబు గ్రంథ వర్ణన ఆధారంగా లివ్యాతాను అనే మహాజలచరాన్ని శుద్ధమైన చేపగా నిర్ణయించింది. తెలుగు బైబిలు యోబు 41వ అధ్యాయంలో దానిని ‘మకరము’ అన్నది. తెలుగువారికి మకరమంటే మొసలి. ఆలయశిల్పంలోనైతే తొండం, మొసలి దవడ, చేప తోక కలిసిన రూపం. మొసలి నిషిద్ధం. అట్లే రబ్బీలు మహావృషభంగా భావించిన బెహేమోతు తెలుగులో ‘నీటిగుఱ్ఱము’ అయింది. నీటిగుఱ్ఱం నెమరువేయదు, అదీ నిషిద్ధమే. అనువాదంలో శుద్ధజీవులు రెండూ అశుద్ధమైనాయి. కనుక శాస్త్రనిర్ణయానికి ఆధారం పేరు కాదు, లక్షణం.

వధావిధానం:

లక్షణం ఒక్కటే చాలదు. యుగాంతంలో లివ్యాతాను తన రెక్కతో బెహేమోతును వధిస్తుందని, నీతిమంతులకు ఆ మాంసంతో విందు జరుగుతుందని లేవీయకాండ రబ్బా చెబుతుంది. రంపం వంటి పళ్లున్న సాధనంతో చేసిన వధ చెల్లదని మిష్నా నియమం. మరి ఆ వధ చెల్లుతుందా అని ఆ గ్రంథమే ప్రశ్నిస్తుంది. దేవుని నుండి నూతన ధర్మం వెలువడుతుందని సమాధానపడుతుంది. అంటే దివ్యమైన విందుకు సైతం వధానియమం నుండి సహజమైన మినహాయింపు లేదు.

ముగింపు:

ఈ రెండు సూత్రాలను పల్లె జీవితానికి అన్వయిస్తే కీలకమైన భేదం తేలుతుంది. ఎద్దు లక్షణరీత్యా శుద్ధజంతువు. విధిప్రకారం వధించిన దాని మాంసం తినదగినదే. కాని తనంతట తాను చచ్చిన పశువు మాంసాన్ని ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం నిషేధిస్తుంది. చచ్చిన గొడ్లను ఎత్తివేసే పనిని గ్రామవ్యవస్థ మాదిగలపై మోపింది. ఆ మాంసమే వారి ఆహారంగా మిగిలిన సందర్భాలున్నాయి. కులం ఈ రెండింటినీ ఒకే నిందలో కలిపింది, ధర్మశాస్త్రం వేరుచేసింది. కాబట్టి బెనె ఎఫ్రయీము వాదాన్ని పాత అలవాటుకు కొత్త సమర్థనగా మాత్రమే చూడడం సరిపోదు. అది గొడ్డుమాంసానికి గౌరవాన్నిస్తూనే, కులం అంటగట్టిన కళేబరాన్ని నిరాకరించే అవకాశాన్నీ కల్పిస్తుంది.