ఆటస్థలములోని ఆచార్యుడు

గురువు అనగానే మన మనస్సునకు పుస్తకము చేతబట్టినవాడే తోచును. వ్యాకరణము చెప్పినవాడు గురువు; లెక్కలు నేర్పినవాడు గురువు. సాయంకాలపుటెండలో పిల్లలను వరుసగా నిలిపి, ఈల యూది పరుగెత్తించిన డ్రిల్లు మాస్టరును ఆ పంక్తిలో కూర్చుండబెట్టుటకు మనకంతగా మనసొప్పదు. ఓరుగల్లు ప్రాంతమున ముప్పది యేండ్లకు పైగా తెలుగు చెప్పి బ్రతికినవాడను గనుక ఈ సంగతి నాకు బాగుగ తెలియును. పరీక్షలు సమీపించినపుడు మొట్టమొదట కోతపడునది ఆటల గంటయే. నేను పనిచేసిన యొక బడిలో కాలిబంతులు ఏడాది పొడవునను బీరువాలో భద్రముగ నిద్రించి, తనిఖీ నాడు మాత్రము వెలుపలికి వచ్చెడివి. అందుచేత నేటి ప్రసంగమునకు, మన తెలంగాణమున పుట్టి, బడిపంతులై, ఆటస్థలముననే ఆచార్యత్వము సంపాదించిన యొక మహనీయుని చరిత్రము నెన్నుకొంటిని.

వారు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదున జన్మించిరి. మన ఓరుగల్లు సైతము నాడు ఆ నిజాము రాజ్యములోనిదే. వారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొందిరి. విద్యార్థి దశయందే ఫుట్‌బాలు ఆటలో ఆరితేరిరి. పిమ్మట ఉపాధ్యాయులై, నగరములోని కాచిగూడ, చాదర్‌ఘాటు మొదలగు చోట్లనున్న పాఠశాలలలో పనిచేసిరి. వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, బడిపిల్లల ఆటల భారము తామే వహించిరి. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి యయిరి. 1950 మొదలు హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులుగ నుండిరి. బొంబాయిలో నాడు జరుగుచుండిన రోవర్సు కప్పు పోటీలో ఆ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు గెలిచినది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మన దేశపు జట్టు వారి శిక్షణలోనే ఇరానును 1-0 గోలుతో ఓడించి స్వర్ణపతకము గైకొన్నది.

వారు నేర్పిన విధానమే మన మెరుగదగినది. ఆనాటి మన ఆటగాండ్రకు బంతిని కాలివద్దనే యుంచుకొని, ఎదిరిని అటునిటు త్రిప్పి మురిపించుటయందు మక్కువ మెండు. చూచువారును చప్పట్లు కొట్టుచుండిరి. కాని అట్లు ఒక్కడు మెరయుటచే జట్టు గెలువదని రహీం గారు గ్రహించిరి. అట్లు బంతిని త్రిప్పుట కూడదని నియమము పెట్టి ప్రత్యేకముగ పోటీలు జరిపించిరి. బంతి చేరినంతనే తోడివానికి అందింపవలెను. బలహీనమైన కాలితోడనే బంతిని తన్నవలెనని మరికొన్ని పోటీలు పెట్టిరి. వచ్చిన పద్యమునే బాలునిచే పదేపదే చదివించి సభలో మెప్పు పొందుట సులభము. రానిదానిని వచ్చునట్లు చేయుట గదా గురువు పని!

ఓటమినుండియు వారు పాఠము తీసిరి. 1952లో ఫిన్లాండు దేశపు హెల్సింకి నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా జట్టు మనవారిని 10-1 తేడాతో ఓడించినది. నాడు మనవారిలో పలువురు చలిలో ఉత్తకాళ్లతో ఆడిరి. అటుపిమ్మట మన దేశమున బూట్లు ధరించి ఆడుట విధి యయ్యెను. నాలుగేండ్లు గడచిన తరువాత, 1956లో, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున అదే దేశపు జట్టును 4-2 తేడాతో గెలిచి మనవారు నాలుగవ స్థానము నందిరి. ఒలింపిక్ ఫుట్‌బాలులో మన దేశము నేటివరకును అంతకు మించిన స్థానమున కెక్కలేదు.

ఇచ్చట నాకు మహాభారతములోని ద్రోణుడు జ్ఞప్తికి వచ్చును. ద్రోణుడు మహాచార్యుడే. అయినను, శిష్యులను నీళ్లకు పంపునపుడు తన కుమారుడగు అశ్వత్థామకు వెడల్పు మూతి కడవను, తక్కినవారికి ఇరుకు మూతి పాత్రలను ఇచ్చెనట. కుమారుడు ముందుగ తిరిగి వచ్చినచో రహస్యమైన అస్త్రము నొకదానిని అధికముగ చెప్పవచ్చునని ఆయన తలంపు. విద్య కోరివచ్చిన ఏకలవ్యుని పొమ్మనుటయు, పిదప వాని బొటనవ్రేలు కోరుటయు మన మెరిగినదే.

రహీం గారి నడవడి దీనికి విపరీతము. సికింద్రాబాదు దాపుననున్న అమ్ముగూడ యను చిన్న పల్లెలో బలరాము అను పేదబాలు డుండెను. వాని ఆట చూచి రహీం గారు చేరదీసిరి. నిత్యము నగరమునకు వచ్చి అభ్యసించుటకు ఆ బాలునకు దారిబత్తెము లేకుండగా, అద్దె సైకిలుకు సొమ్ము తామే ఇచ్చిరి. ఆ తులసీదాసు బలరాము గారే 1956, 1960 ఒలింపిక్ క్రీడలలో మన దేశము పక్షమున ఆడి, ప్రసిద్ధులై, 2023లో కీర్తిశేషులయిరి. ఇక కుమారుని సంగతి. రహీం గారి తనయుడు హకీం గారు 1960లో రోము నగరమునకు వెడలిన జట్టులో నుండిరి, శిక్షకుడు కన్నతండ్రియే. అయినను హకీం గారు అచ్చట ఒక్క ఆటయందును మైదానమునకు దిగలేదు. ఏకలవ్యునకు సైకిలు దొరకినది. అశ్వత్థామకు వెడల్పు మూతి కడవ దొరకలేదు!

గురుదక్షిణ యెట్టి దందురా, వినుడు. 1962లో ఇండోనేషియా రాజధాని జకార్తాలో ఆసియా క్రీడలు జరిగెను. ఇజ్రాయేలును, తైవానును ఆ క్రీడలకు రానీయకుండుటను మన దేశపు క్రీడాప్రముఖులు సోంధీ గారు ఆక్షేపించుటచే, అచ్చటి ప్రజలు మనవారిపై కినుక వహించిరి. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో మనవారు 2-0 తేడాతో ఓడిరి. వెనుకవరుసలో కోటగోడవలె నిలుచు జర్నైల్ సింగు గారికి తలపై గాయమై కుట్లు పడెను. రహీం గారు అధైర్యపడక, ఆయనను ముందువరుసకు మార్చి ఆడించిరి. తుదిపోరునకు ముందటి రాత్రి శిష్యులను సమావేశపరచి, మరునాడు తమకొక కానుక కావలెననిరి. ఆ కానుక స్వర్ణపతకమే. సెప్టెంబరు 4వ తేదీన, సుమారు లక్షమంది జనము ఎదురుపక్షమున కేకలు వేయుచుండగా, మొదట ఓడించిన ఆ కొరియానే మనవారు 2-1 తేడాతో గెలిచిరి. ఒక గోలు బెనర్జీ గారిది. రెండవది తలకు కట్టుతోనున్న ఆ జర్నైల్ సింగు గారిది. శిష్యుల వ్రేళ్లు శిష్యులకే మిగిలినవి. దక్షిణ మాత్రము దేశమునకు దక్కినది.

తొమ్మిది నెలలు తిరిగినంతనే, 1963 జూన్ 11వ తేదీన, క్యాన్సరు వ్యాధిచే రహీం గారు పరమపదించిరి. వయస్సు ఏబదిమూడేండ్లు. అటుపిమ్మట ఆసియా క్రీడల ఫుట్‌బాలు స్వర్ణము మన దేశమునకు మరల రాలేదు. ఉత్తమ శిక్షకులకు మన ప్రభుత్వము ద్రోణాచార్యుని పేరిట పురస్కార మిచ్చుట 1985లో మొదలయినది. అప్పటికి వారు గతించి ఇరువదిరెండేండ్లు. 2024లో వారి కథ హిందీ చలనచిత్రముగ వచ్చిన తరువాతనే మనలో పెక్కుమందికి వారి పేరు తెలిసినది.

ఇది గతించిన కథ యనుకొనవలదు. మన వరంగల్ జిల్లా కల్లెడ గ్రామపు పేదబాలిక జీవంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్ క్రీడలలో 400 మీటర్ల పరుగున కాంస్యపతకము గెలిచినది. చిన్ననాట తోటివారు ఎగతాళి చేసిన ఆ పిల్ల పరుగును మొదట గుర్తించినవాడు బడిలోని వ్యాయామోపాధ్యాయుడే. ఆయన నాడు కన్ను తెరచి చూడనిచో ఆ పతకమెక్కడ?

పెద్దలారా! ఊరిలో మీ మాటకు విలువ కలదు. మీ బడి ఆటస్థలము హద్దులు ఎచ్చటనున్నవో ఒకసారి నడచి చూడుడు. అది వడ్లకల్లముగనో, గడ్డివాములకు నెలవుగనో మారినచో ఖాళీ చేయింపుడు. మీ మనుమలకు వారమునకు ఎన్ని ఆటల గంటలున్నవో, అవి నిజముగ జరుగుచున్నవో ప్రధానోపాధ్యాయుని అడుగుడు. డ్రిల్లు మాస్టరు ఎదురుపడినపుడు, లెక్కల మాస్టరునకు పెట్టినట్లే ఆయనకును నమస్కారము పెట్టుడు.