మధుర పునరుద్ధరణ, కొంగునాటి వడుగర్లు

1311లో మాలిక్ కాఫర్ దండయాత్రతో చెదిరిన మధుర, 1323 తరువాత ఢిల్లీ తుగ్లకుల వశమై, 1335 ప్రాంతంలో అక్కడి అధికారి జలాలుద్దీన్ అహ్సన్ ఖాన్ స్వతంత్రం ప్రకటించుకోవడంతో కొత్త సుల్తానుల రాజధాని అయింది. ఆ తీరాన్ని అరబ్బులు 'మాబర్', అంటే దాటే రేవు, అని పిలిచినందున చరిత్రకారులు వీరిని మాబర్ సుల్తానులంటారు. మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా సుల్తాను గియాసుద్దీన్‌కు తోడల్లుడే అయినా, స్త్రీలనూ పిల్లలనూ సైతం చంపించిన అతని క్రూరత్వాన్ని గర్హించాడు. నగరాన్ని కబళించిన మహమ్మారినీ వర్ణించాడు. ఏలినవారి బంధువే రాసినందువల్ల ఈ సాక్ష్యాన్ని తోసిపుచ్చడం కష్టం.

విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు కంపన మధురను జయించిన వృత్తాంతాన్ని ఆయన రాణి గంగాదేవి 'మధురావిజయం' అనే సంస్కృత కావ్యంగా రచించింది. ఒక స్త్రీ మూర్తి కంపన ఎదుట నిలిచి, పాడుపడిన నగరం దుఃఖాన్ని చెప్పి, దివ్యఖడ్గాన్ని అందించే ఘట్టం చరిత్ర కాదు, కవికల్పన. అయినా నగరం కోల్పోయినదేమిటో ఏ శాసనమూ ఇంత ఆర్తితో చెప్పలేదు. పూర్వకవులను స్తుతిస్తూ తిక్కనకు కూడా నమస్కరించడం ఆమెకు తెలుగు సాహిత్యంతో ఉన్న చుట్టరికాన్ని తెలుపుతుంది.

1371లో కంపన సేనాని గోపన శ్రీరంగంలో రంగనాథుని విగ్రహాన్ని పునఃప్రతిష్ఠించాడు. అయితే గెలుపుతో గుడి తలుపులు తెరుచుకుంటాయే గాని, బీళ్లు సాగులోకి రావు. పునరుద్ధరణలో అసలు బరువు మోసినవారు సేనల వెంటా, సేనల తరువాతా తరతరాలుగా తరలివచ్చిన తెలుగు కాపుకుటుంబాలే. తమిళులు వీరిని 'వడుగర్', అంటే ఉత్తరాదివారు, అన్నారు. కావేరి పల్లపు భూములు అప్పటికే ఇతరుల చేతిలో ఉన్నందున, వీరిలో చాలామంది వానపైనా బావులపైనా ఆధారపడే నల్లరేగడిని, తమిళంలో 'కరిసల్' అనే నేలను, సాగుకు తెచ్చారు.

1529లో విశ్వనాథనాయకునితో మధుర నాయకరాజ్యం మొదలైంది. ఆయన కాలంలో అరియనాథ మొదలియారు రాజ్యాన్ని 72 పాళేలుగా విభజించాడని ప్రసిద్ధి. పాళెమంటే సైన్యాన్ని పోషించి, పన్ను చెల్లించే షరతుపై ఒక నాయకుని ఏలుబడిలో ఉంచిన సీమ. కొంగునాట, నేటి తిరుప్పూరు జిల్లాలో ఉడుమలైపేట దగ్గరి తళి అలాంటి పాళెమే. దాని నాయకులు కంబళత్తు నాయకర్లు, ఇంట తెలుగు మాట్లాడేవారు.

ఆ ప్రాంతపు పల్లెల్లో కమ్మవారు, కంబళత్తువారు మొదలైన కుటుంబాలవారు నేటికీ ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదువుతున్నారు. లిపి తోడు లేకుండా నోటిమాటగానే ఇన్ని శతాబ్దాలు నిలిచిన ఆ తెలుగును, దాన్ని నిండుగా పలికే పెద్దలు ఉండగానే తెలుగు విశ్వవిద్యాలయాలు నమోదు చేయాలి.