లానార్క్‌షైర్ పాల పరిశోధన

విద్యార్థులను రెండు సమూహాలుగా విభజించి, వారి మధ్య కనిపించిన భేదానికి కారణమేమిటో నిర్ణయించడం విద్యా పరిశోధనలో నిత్యం జరిగే పని. ఆ పని ఎంత సూక్ష్మమైనదో తెలుసుకొనుటకు స్కాట్లండులోని లానార్క్‌షైర్‌లో జరిగిన ఒక పరిశోధన చరిత్ర చాలును.

1930 ఫిబ్రవరి నుండి జూన్ వరకు అక్కడి 67 పాఠశాలల్లో 20,000 మంది బాలబాలికలపై ఈ పరిశోధన సాగింది. పదివేల మందికి ప్రతిదినమూ ముప్పావు పింటు, అనగా సుమారు 425 మిల్లీలీటర్ల పాలు ఇచ్చారు. వారిలో సగం మందికి పచ్చిపాలు, సగం మందికి పాశ్చరీకరించిన పాలు. తక్కిన పదివేల మందికి పాలు లేవు. ఆరంభంలోను, అంతంలోను అందరి ఎత్తు, బరువు కొలిచారు. పాలు త్రాగినవారు అధికంగా పెరిగారనీ, రెండు రకాల పాల ఫలితమూ సమానమేననీ నివేదిక ప్రకటించింది.

1931లో 'బయోమెట్రికా' పత్రికలో దీనిని విమర్శించిన వ్యక్తి కలం పేరు 'స్టూడెంట్'. అసలు పేరు విలియం సీలీ గాసెట్. డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారపు ఉద్యోగి. నేడు విద్యా పరిశోధకులందరూ వాడే టి-పరీక్షకు 1908లో పునాది వేసినవాడు ఆయనే.

ఆయన దృష్టి ముందుగా పిల్లల ఎంపికపై పడింది. కొన్ని బడుల్లో చీటీలు తీసి, కొన్నింట అక్షరక్రమాన్ని బట్టి పిల్లలను ఎంచారు. అంతవరకు బాగానే ఉన్నది. కాని ఒక జట్టులో పుష్టిగలవారో, బలహీనులో ఎక్కువైనట్లు తోస్తే కొందరిని మార్చుకొనే వెసులుబాటును ఉపాధ్యాయులకు ఇచ్చారు. ఎదుట నిలిచిన బక్కపలుచని బాలునికి పాలు లేవని చెప్పుటకు ఏ పంతులుగారికి మనసొప్పును? తమకు తెలియకుండానే వారు పేద పిల్లలను పాల జట్టులోనికి చేర్చి ఉంటారని స్టూడెంట్ ఊహించాడు. అంకెలు దానిని బలపరచాయి. పాలు లేని జట్టు ఆరంభంలోనే బరువులో మూడు నెలల, ఎత్తులో నాలుగు నెలల పెరుగుదలకు సమానమైన ఆధిక్యంలో ఉన్నది.

దుస్తుల సంగతి మరింత ఆసక్తికరం. పిల్లలను దుస్తులతోనే తూచారు, ఫిబ్రవరిలో చలికాలపు బట్టలతో, జూన్‌లో వేసవి బట్టలతో. కలిగినవారి బిడ్డకు వదలడానికి బరువైన ఉన్నికోటు ఉంటుంది, పేదబిడ్డకు అదెక్కడిది? కనుక పాలు లేని జట్టు బరువులో కొంత కోటుతోపాటే పోయింది. పచ్చిపాలు, పాశ్చరీకరించిన పాలు ఒకే బడిలో ఇవ్వలేదు గనుక ఆ పోలికలో బడుల మధ్య తేడాలు కూడా కలిసిపోయాయి.

తెలుగు మాధ్యమపు ఉత్తీర్ణత శాతాన్ని మరొక మాధ్యమపు శాతంతో పోల్చి మాట్లాడే తల్లిదండ్రులు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకొందురు గాక. ఏ ఇంటి పిల్లలు ఏ బడిలో చేరారన్నది తెలియనిదే, ఆ తేడాలో బోధనకు ఎంత, ఇంటి స్థితిగతులకు ఎంత చెందునో ఆ శాతాలు చెప్పలేవు. ఇరవైవేల మందిని తూచినా ఎంపికలోని వంపు సరికాలేదు. అదే వంపు మరింత స్థిరంగా కనిపించింది.

పాలు నిష్ప్రయోజనమని స్టూడెంట్ అనలేదు. ఒకే పోలికగల 50 కవల జంటలను తీసుకొని, ప్రతి జంటలో ఒకరికి పచ్చిపాలు, ఒకరికి పాశ్చరీకరించిన పాలు ఇస్తే, ఖర్చులో నూటికి ఒకటి రెండు వంతులతోనే ఇంతకంటె నమ్మదగిన సమాధానం లభించేదని సూచించాడు. బ్రిటను బడుల్లో 1934 నుండి చౌకగా, 1946 నుండి ఉచితంగా పాలు పంచారు.