విగో వెండి: ముద్ర ఒకటి, లెక్క మరొకటి

1702 అక్టోబరులో స్పెయిన్ వాయవ్య తీరంలోని విగో అఖాతంలో ఇంగ్లిష్, డచ్ నౌకాదళాలు గెలిచాయి. దానికి గుర్తుగా లండన్‌లో జాన్ క్రోకర్ తగలబడుతున్న ఓడలతో ఒక పతకం చెక్కాడు. అంతకంటే ఎక్కువ ప్రచారం తెచ్చింది మాత్రం చలామణి నాణేలే. పట్టుబడిన వెండి బంగారాలతో పోసి, ఆన్ రాణి బొమ్మ కింద ‘విగో’ అని ముద్రించిన ఆ క్రౌన్లు, షిల్లింగులు, గినీలు చేతిలో డబ్బుగా తిరుగుతూనే పతకం పని చేశాయి. వాటిని చూసి ఇంగ్లండుకు అపార నిధి దక్కిందనుకోవడం సహజం. లెక్కలు చూస్తే ఆ నిధిలో ఎక్కువ భాగం దక్కింది ఓడిన పక్షానికి.

స్పెయిన్ వారసత్వ యుద్ధంలో కాదిజ్ రేవును పట్టలేక తిరుగుముఖం పట్టిన ఇంగ్లిష్ అడ్మిరల్ రూక్‌కు, అమెరికా వెండితో వచ్చిన స్పానిష్ ఓడలు ఫ్రెంచి రక్షణలో విగోలో ఉన్నాయని తెలిసింది. రూక్ వెంట ఉన్న ఒర్మండ్ డ్యూక్ సేనలు ఒడ్డుకు దిగి కోటలు పట్టాయి, ‘టోర్బే’ నౌక రాందే జలసంధిలో అడ్డంగా కట్టిన దుంగల కంచెను తెంచింది. ఫ్రెంచి, స్పానిష్ ఓడలన్నీ కాలిపోయాయి, లేదా పట్టుబడ్డాయి. అప్పటికే వెండిలో అధికభాగం ఒడ్డు చేరి, స్పెయిన్ లోపలి నగరం సెగోవియా దారి పట్టింది. చరిత్రకారుడు హెన్రీ కేమెన్ లెక్క ప్రకారం అయిదో ఫిలిప్ రాజుకు సుమారు 70 లక్షల పెసోలు దక్కాయి. అంతకుముందు ఏ స్పెయిన్ రాజూ ఒక్క ఏడాదిలో అమెరికా వర్తకం నుంచి అంత రాబట్టలేదు. పైగా ఆ సరుకులో ఇంగ్లిష్, డచ్ వర్తకుల సొమ్మూ ఉంది. శత్రు దేశాల వాళ్ల వాటా అంటూ రాజు దాన్నీ జప్తు చేశాడు.

అప్పట్లో లండన్ టంకసాల అధిపతి ఐజాక్ న్యూటన్. 1703 జూన్ నాటికి టంకసాలకు చేరింది 4,504 ట్రాయ్ పౌన్ల వెండి, ఎనిమిది పౌన్లయినా లేని బంగారం. అంటే సుమారు 1,680 కిలోల వెండి, మూడు కిలోల లోపు బంగారం. మొత్తం విలువ దాదాపు 14,000 పౌండ్లు. 1696లో మొదలైన పాత నాణేల మార్పిడిలో దేశమంతటా ముద్రించిన వెండి 60 లక్షల పౌండ్లకు పైమాటే. విగో బంగారు నాణేలు నేడు అంత అరుదుగా ఉండటానికి మూలం కూడా ఈ కొరతే.

లోహం ఎక్కడిదో నాణెం మీద గుర్తు వేయడం అప్పటికే ఉన్న ఆచారమనీ, వేల్స్ వెండికి ఈకల గుర్తు వేసినట్టే దీనికీ ‘విగో’ అని వేశారనీ అనవచ్చు. కానీ ఈ ముద్ర వేయమన్న 1703 ఫిబ్రవరి రాజాజ్ఞలోనే ఆ విజయాన్ని భావితరాలు తలచుకోవాలన్న ఉద్దేశం కనిపిస్తుంది. నావికులూ సైనికులూ దారిలోనే కొంత నొక్కేసి ఉంటారు కాబట్టి టంకసాల లెక్క అసలు దోపిడీకంటే తక్కువేనన్న వాదన కొంత నిజమే. అయితే ఆ సొమ్ము ఖజానాకు చేరనూ లేదు, ముద్ర పడనూ లేదు. మిగతా నిధి నీళ్లడుగునే ఉందన్న మాటకు 1870లో జూల్స్ వెర్న్ తన నవలలో కెప్టెన్ నెమో చేత విగో వెండి ఏరించి మరింత బలమిచ్చాడు. ఆధారాలు చూస్తే దానిలో అధికభాగం మునగనే లేదు.

అంతమాత్రాన విగో ఉత్తుత్తి గెలుపు కాదు. ఫ్రాన్సు పెద్ద నౌకాబలాన్ని ఒక్క దెబ్బకు పోగొట్టుకుంది. 1703 మేలో పోర్చుగల్ పక్షం మార్చి ఇంగ్లండుతో చేతులు కలపడానికి ఈ యుద్ధం తోడ్పడింది. ఇంగ్లండుకు అసలు లాభం ఇదీ. రాణి టంకసాల మాత్రం తన ముద్రను శత్రు రాజుకే ఎక్కువగా దక్కిన వెండి మీద వేసింది.