గిటార్ యాంప్‌ను వెనక్కి ఎందుకు వాల్చాలి?

మన సంఘాల ఉగాది వేదికలపై గిటార్ వాయించే పిల్లలు తరచూ అనే మాట: "నాది నాకే వినబడటం లేదు." వెంటనే సౌండ్ పెంచుతారు. దాంతో ముందు వరుసవారి చెవులు గింగురుమంటాయి, పాడేవారి మాటలు మునిగిపోతాయి. చాలాసార్లు లోపం సౌండ్‌లో ఉండదు, స్పీకరు చూస్తున్న దిక్కులో ఉంటుంది.

గిటార్ యాంపుల్లో 12 అంగుళాల స్పీకరు ఎక్కువగా వాడతారు. బేస్ ధ్వని దాని నుంచి అన్ని వైపులా పరుచుకుంటుంది. సుమారు 1,000 హెర్ట్జ్ దాటాక ధ్వని టార్చిలైటు వెలుగులా క్రమంగా సన్నబడి నేరుగా ముందుకే పోతుంది. యాంప్ నేల మీద ఉంటే ఆ స్పష్టమైన ధ్వని వాయించేవారి మోకాళ్లకు తగులుతుంది, చెవికి సరిగా చేరదు.

అందుకే ఫెండర్ కంపెనీ కొన్ని యాంపుల పక్కల మడత కాళ్లు అమర్చింది. మార్షల్ వారి నాలుగు స్పీకర్ల పెట్టెల్లో ఒక రకానికి పైభాగం వెనక్కి వాలి ఉంటుంది.

లెక్క సులభమే. స్పీకరు మధ్యభాగం నేలకు 30 సెం.మీ., నిలబడినవారి చెవి 160 సెం.మీ. ఎత్తులో ఉన్నాయనుకుందాం. ఇద్దరి మధ్య దూరం 2 మీటర్లయితే వాలు సుమారు 33 డిగ్రీలు కావాలి, 3 మీటర్లయితే 23 చాలు. అంత వాల్చడం కష్టమైతే గట్టి బల్లపై పెట్టి కొద్దిగా వాల్చవచ్చు. పడిపోకుండా వెనుక ఆసరా ఉండాలి, గాలి రంధ్రాలు మూసుకుపోకూడదు.

వాల్చాక సౌండ్ తగ్గించి, ట్రెబుల్ మళ్లీ సరిచూసుకోవాలి. ముందు వరుసలోని పెద్దలకు పాట మాటలు తెలుస్తుంటే సర్దుబాటు కుదిరినట్టే.