నిజాం సింహాసనపు కారు (రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్, 1912)

హైదరాబాద్ పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌లో, అద్దాల వెనక నిలిపి ఉంచిన పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ కారును సింహాసనపు కారు అని పిలుస్తారు. దీన్ని ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ తెప్పించుకోవాలనుకున్నారు. కారు చేతికి రాకముందే 1911 ఆగస్టు 29న ఆయన కన్నుమూశారు. 1912 నాటి ఈ బండి ఆయన కొడుకు, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు దక్కింది. చాసిస్, ఇంజిన్ రోల్స్‌రాయిస్‌వి. బాడీ లండన్‌లోని బార్కర్ అండ్ కంపెనీది. ఇంతకాలంలో ఈ కారు తిరిగింది 356 మైళ్లేనని చెబుతారు. అంటే సుమారు 573 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి సూర్యాపేట, కోదాడ మీదుగా విజయవాడ వెళ్లి తిరిగొస్తే ఆ దూరం దాదాపు పూర్తవుతుంది.

తెలుగు నేల మీద మిగిలిన పాతకాలపు బ్రిటిష్ విలాస కార్లలో దీనంత పేరున్నది మరొకటి లేదు. అయితే దీని పేరుకు కారణం ఎక్కువగా రంగు, హంగు, యజమాని సంపద. బండి పనితనం గురించి మాట్లాడేవారు తక్కువ. ఆ పనితనం తెలిస్తేనే 356 అన్న అంకె ఎంత చిన్నదో అర్థమవుతుంది.

యంత్రం

రోల్స్‌రాయిస్ కంపెనీ 1906లో 40/50 హార్స్‌పవర్ పేరుతో కొత్త చాసిస్‌ను బయటపెట్టింది. మరుసటి ఏడాది వెండి రంగు పూసిన ఒక బండికి సిల్వర్ ఘోస్ట్ అని పేరు పెట్టింది. ఆ పేరే తర్వాత ఈ మోడల్ మొత్తానికి స్థిరపడింది. 1907లో ఆ వెండి బండిని లండన్, గ్లాస్గోల మధ్య పదే పదే తిప్పారు. రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పరిశీలకులు వెంట ఉండగా అది లోపంతో ఎక్కడా ఆగకుండా 14,371 మైళ్లు నడిచింది. పరీక్ష ముగిశాక విప్పి చూసి, అరిగిన భాగాలను మళ్లీ కొత్తవాటిలా చేయడానికి అయిన ఖర్చు రెండు పౌండ్ల రెండు షిల్లింగుల ఏడు పెన్నీలు. మోటారు బండి అంటే దారిలో నిలిచిపోయేదే అనుకునే రోజులవి. ఆ నమ్మకాన్ని చెరిపేసిన బండి ఇది.

మన దేశంలోనూ అలాంటి పరీక్ష జరిగింది. 1908లో బొంబాయి నుంచి కొల్హాపూర్‌కు, అక్కడి నుంచి వెనక్కి, పశ్చిమ కనుమల ఘాట్ రోడ్ల మీద ఒక సిల్వర్ ఘోస్ట్ 620 మైళ్లు ఆగకుండా నడిచింది. ఆ బండిని గ్వాలియర్ మహారాజు కొన్నారు. సంస్థానాధీశుల చూపు రోల్స్‌రాయిస్ మీద పడటానికి ఆ ప్రయాణం ఒక ముఖ్యకారణం.

నిజాం కారు తయారైన కాలానికి ఇంజిన్ సామర్థ్యం 7,428 సీసీ. ఆరు సిలిండర్లు మూడేసి చొప్పున రెండు దిమ్మలుగా పోతపోసి ఉంటాయి. క్రాంక్‌షాఫ్ట్‌కు ఏడు బేరింగులు, ప్రతి బేరింగుకూ ఒత్తిడితో నూనె అందే ఏర్పాటు. నిశ్శబ్దంగా, అదురు లేకుండా నడవటంలోని గుట్టు చాలావరకు ఇక్కడే ఉంది. పొడవాటి క్రాంక్‌షాఫ్ట్ ఎక్కడా వంగి వణకకుండా ఏడు చోట్ల పట్టి ఉంచారు. స్వయంగా స్టార్టయ్యే మోటారు ఈ మోడల్‌కు మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాకే వచ్చింది. అంతవరకు ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాల్సిందే. నిజాం కారు తయారయ్యాక ముందు చక్రాలకు బ్రేకులు రావడానికి పదేళ్ల పైనే పట్టింది. 1926లో తయారీ ఆగేనాటికి ఇంగ్లండ్‌లోను, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లోను కలిపి దాదాపు 7,900 చాసిస్‌లు వెలువడ్డాయి.

బాడీ

ఆ రోజుల్లో రోల్స్‌రాయిస్ పూర్తి కారును అమ్మేది కాదు. ఇంజిన్, చాసిస్, రేడియేటర్ వరకు తాను చేసి ఇచ్చేది. పై బాడీని కొనేవారే తమకు నచ్చిన కోచ్‌బిల్డర్ దగ్గర కట్టించుకోవాలి. అంతకుముందు గుర్రపు బగ్గీలు కట్టిన పనివాళ్లే ఇప్పుడు మోటారు బాడీలు కట్టారు. ఆష్ చెట్టు కలపతో చట్రం అల్లి, దాని మీద పలుచని అల్యూమినియం రేకును సుత్తితో సాగగొట్టి అతకడం వారి పద్ధతి. అందుకే ఒకే చాసిస్ మీద కట్టిన రెండు కార్లు కూడా ఒకేలా ఉండవు.

బార్కర్ పనివాళ్లు నిజాం కోసం కట్టింది ఊరేగింపు బండి. కప్పు గుమ్మటంలా పైకి లేచి ఉంటుంది. చుట్టూ వెడల్పాటి అద్దాలు. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉండి, పరివారం కూర్చునే చోటు దానికన్నా కింద ఉంటుంది. లోపల కూర్చున్న మనిషి బయటి జనానికి నిండుగా కనిపించాలన్నదే ఈ అమరిక ఉద్దేశం. మామూలు సెలూన్‌లో కూర్చున్నవారికి ఎండ, గాలి, దుమ్ము తగలకుండా చూసుకుంటారు. ఇక్కడ ఏనుగు అంబారీ చేసే పనిని మోటారుకు అప్పగించారు. పసుపు నిజాంల వంశమైన ఆసఫ్‌జాహీల రంగు, వారి జెండా రంగు కూడా అదే.

మహారాజులు రోల్స్‌రాయిస్‌లతో చెత్త ఎత్తించారన్న కథను హైదరాబాద్ నిజాంకూ అంటగడతారు. అదే కథను అల్వార్ మీద, భరత్‌పూర్ మీద కూడా చెబుతారు. పేర్లు మారి వివరాలు మాత్రం మారని కథను చరిత్రగా తీసుకోలేం.

హుజూర్‌నగర్ దారిలో

ఈ కారును సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడల వైపు నుంచి చూస్తే కథ వేరుగా ఉంటుంది. నిజాం పాలనలో ఇవన్నీ నల్గొండ జిల్లాలోవి. దేశ్‌ముఖుల చేతిలో వేల ఎకరాలు, రైతు నెత్తిన శిస్తు, కూలీ లేని వెట్టి చాకిరి ఇక్కడి రోజువారీ బతుకు. 1940ల్లో తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి గుండెకాయగా నిలిచింది ఈ జిల్లాయే. చౌమహల్లాలో ఆ కారు మెరుపును చూస్తూ, దానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నను పక్కన పెట్టడం న్యాయం కాదు. ప్రదర్శన పలకల మీద బార్కర్ పేరు ఉండాల్సిందే. శిస్తు కట్టిన ఊళ్ల ఊసూ ఉండాలి.

ఈ ప్రాంతపు సామాన్యుడికి అందుబాటులోకి వచ్చిన బ్రిటిష్ బండి కారు కాదు, బస్సు. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టింది. ఈనాటి ఆర్టీసీకి మూలం అదే. ఆ కాలపు ఆల్బియన్ బస్సు ఒకదాన్ని డెక్కన్ క్వీన్ పేరుతో ఆర్టీసీ భద్రపరిచింది. ఆల్బియన్ కంపెనీది గ్లాస్గో, 1907లో సిల్వర్ ఘోస్ట్ పదే పదే వెళ్లొచ్చిన ఊరు. పాత వాహనాల మీద ఆసక్తి ఉన్నవారు పసుపు కారును చూశాక ఈ బస్సునూ చూడాలి. ఒకటి పాలకుడు జనానికి కనిపించడానికి, మరొకటి జనం ఊరి నుంచి ఊరికి పోవడానికి పుట్టినవి.

1948 సెప్టెంబరులో భారత సైన్యంలో ఒక భాగం విజయవాడ వైపు నుంచి కోదాడ, సూర్యాపేటల దారినే హైదరాబాద్ మీదికి కదిలింది. సెప్టెంబరు 17న సంస్థానం లొంగిపోయింది. ఉస్మాన్ అలీ ఖాన్ 1950 నుంచి 1956 వరకు రాజ్‌ప్రముఖ్‌గా ఉన్నారు, 1967లో మరణించారు. ఊరేగింపులు పోయాక ఊరేగింపు కారుకు పని లేకుండా పోయింది.

నిలిపి ఉంచితే ఏమవుతుంది

తక్కువ తిరిగిన కారు కొత్తదానిలా ఉంటుందని చాలామంది నమ్మకం. పాత కార్ల అమ్మకాల్లో మొదట అడిగేది ఈ మీటరు అంకే, ఎక్కువ మోసపోయేదీ దాని దగ్గరే. నిజానికి కదలని కారు లోలోపల చెడుతుంది. ట్యాంకులో మిగిలిన పెట్రోలు జిగురుగా మారి కార్బురేటర్ సన్నరంధ్రాలను మూసేస్తుంది. సిలిండర్ గోడల మీది నూనె కిందికి జారిపోయి రింగులు తుప్పుతో అంటుకుపోతాయి. తోలు నూనెదనం కోల్పోయి పగులుతుంది. రబ్బరు గొట్టాలు పెళుసెక్కుతాయి. ఒకే చోట బరువు మోసిన టైరు చదునెక్కుతుంది. మన దగ్గర దీనికి చెద తోడు. అల్యూమినియం రేకు పైకి నున్నగా మెరుస్తూనే ఉంటుంది, లోపలి కలప చట్రం పొడి అయిపోతుంది. తలుపు వేసినప్పుడు వచ్చే శబ్దంలో తేడాతో, తెరిచినప్పుడు తలుపు కిందికి వాలడంతో పాతకాలపు మేస్త్రీలు దీన్ని పసిగడతారు.

నిజాం కారుకూ దశాబ్దాల నిలకడ తర్వాత పునరుద్ధరణ తప్పలేదు. 356 మైళ్లే తిరిగిన బండికి అంత మరమ్మతు ఎందుకన్నది ఇక్కడే తేలుతుంది. చౌమహల్లా ప్యాలెస్‌ను బాగుచేసి 2005లో ప్రజలకు తెరిచారు. ఆ పనికి 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది. కారు ఇవాళ ఇంత బాగుండటానికి కారణం తక్కువ తిరగడం కాదు, ఆలస్యంగానైనా చేయి తిరిగిన పనివాళ్ల చేతిలో పడటం.

హుజూర్‌నగర్ ప్రాంతానికి సొంతమైన చిక్కు ఇంకొకటి ఉంది. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. సిమెంటు దుమ్ము మీద మంచో చినుకో పడితే క్షారంగా మారి, గట్టిపడి రంగును పట్టేస్తుంది. పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ముందు నీళ్లు ధారగా పోసి దుమ్మును కడిగేశాకే గుడ్డ తగలనివ్వాలి.

తర్వాతి తరం సెలూన్లు

ఈనాడు భారతదేశంలో అమ్మకానికి వచ్చే పాత బ్రిటిష్ విలాస సెలూన్లు ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధం తర్వాతివి. 1946లో బెంట్లీ మార్క్ 6తో రోల్స్‌రాయిస్ సంస్థ తొలిసారి తన ఫ్యాక్టరీ నుంచే ఉక్కు బాడీతో పూర్తి కారును ఇచ్చింది. 1955లో సిల్వర్ క్లౌడ్, 1965లో విడి చాసిస్ అక్కర్లేని సిల్వర్ షాడో వచ్చాయి. సొంతంగా కారు నడుపుకునేవారికి జాగ్వార్ మార్క్ 2 (1959–67) మరింత చేరువైంది. తెలుగువారి ఇళ్లముందు నిలిచిన అంబాసిడర్ కూడా బ్రిటిష్ మూలమున్న సెలూనే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి నుంచి వచ్చిన ఆ కారు 2014 వరకు తయారైంది. విలాసం మాట అటుంచి, ఊళ్లలోని మెకానిక్కులకు బ్రిటిష్ ఇంజిన్‌ను విప్పి బిగించడం నేర్పింది అదే.

ఈ కార్లను పరీక్షించే తీరు బండిని బట్టి మారుతుంది. లప్పం పెట్టారేమో చూడటానికి అయస్కాంతం ఆనించడం మన షెడ్లలో మామూలు. సిల్వర్ క్లౌడ్ తలుపులు, బానెట్, డిక్కీ మూత అల్యూమినియంవి. అక్కడ అయస్కాంతం అంటకపోతే లప్పం ఉన్నట్టు కాదు. జాగ్వార్ మార్క్ 2లో తలుపుల కింద ఉండే గడప భాగం తుప్పు పడితే బండి బలమే పోతుంది, ఎందుకంటే బరువు మోసేది బాడీయే. ఆ కాలపు జాగ్వార్లలో బ్యాటరీ పాజిటివ్ వైరు బాడీకి కలిపి ఉంటుంది. అలవాటుకొద్దీ తిప్పి బిగిస్తే విద్యుత్ పరికరాలు కాలిపోవచ్చు. 1950లకు ముందరి బండ్ల నట్లలో చాలావాటికి బ్రిటిష్ విట్‌వర్త్ కొలతల పానాలే కావాలి. మిల్లీమీటర్ల పానా బలవంతంగా పెడితే నట్టు మూలలు అరిగిపోతాయి. అరిగిన మూలలు చాలాచోట్ల కనిపిస్తే ఆ బండిని తెలియని చేతులు విప్పాయని అర్థం.

అన్నిటికన్నా ముందు చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. డీజిల్ ఇంజిన్ ఎక్కించిన పాత సెలూన్లు మన దగ్గర తక్కువేమీ కావు. అసలు ఇంజిన్ పోయిన కారుకు ఎంత మెరుగు పెట్టినా పాత విలువ రాదు.

అమ్మకం, చట్టం

2021 జులైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నియమాలలో వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు చేర్చింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు లేని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు వీటి కిందికి వస్తాయి. రాష్ట్ర కోడ్ తర్వాత వీఏ అనే అక్షరాలతో నంబరు ఇస్తారు. పాత రిజిస్ట్రేషన్ ఉన్నవారు పాత నంబరునే ఉంచుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత తిరిగి చేయించుకోవడానికి 5,000 రూపాయలు రుసుము. ఇలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలుకు, మరమ్మతుకు రోడ్డెక్కించవచ్చు. రోజువారీ తిరుగుడుకు, కిరాయికి వాడకూడదు. అమ్మినవారు, కొన్నవారు 90 రోజుల్లోగా తమ తమ రాష్ట్ర రవాణా అధికారులకు తెలియజేయాలి. 1950 జనవరి 1కి ముందు తయారైన కార్లను, వాటి విడిభాగాలను విదేశాలకు పంపడం మీద ఎగుమతి విధానంలో ఆంక్షలు ఉన్నాయి.